‘రాలేదు’ అని రాసిన పిల్ల

మొన్న ఒక చిన్న డాక్టరమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పసిపిల్లల వైద్యంలో చేరిందట, దాంతోపాటు రక్తనాళాల మీద పరిశోధన కూడా చేయాలని ఉందట. "రెండూ ఒకేసారి చేయడం కష్టమా మేడం?" అని అడిగింది. కష్టం కాదు తల్లీ, రెండిట్లో ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది, ఎప్పుడు మింగిందో మనకే తెలియదు అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు. కాబట్టి ఆమెకూ, ఆమెలాంటి వాళ్ళకూ కూర్చుని రాయడమే మేలనిపించింది.

నా ప్రమోషన్ల సంగతి, నాకు కప్పిన శాలువాల సంగతి రాయను. శాలువాలు బీరువా నిండా ఉన్నాయి, చలికి ఒక్కటీ పనికిరాదు. కురిచేడు దగ్గర పల్లెలో కంది, పత్తి పండించుకునే ఇంట్లో పుట్టి, నగరంలో పెద్ద ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. అందులో నేను నేర్చుకున్నది ఎక్కువగా నా తప్పుల దగ్గరే. ఒక తప్పు మాత్రం నేర్చుకోవడంతో తీరేది కాదు. అసలు దాని కోసమే ఈ కాగితాలు ఖర్చు చేస్తున్నాను.

కంటి వెనక జరిగే పని

కడుపులో బిడ్డకు కంటి వెనక పొర మీద రక్తనాళాలు పాకడం ఆఖరి నెలల్లో జరుగుతుంది. నడుమ మొదలై అంచుల దాకా మెల్లగా పోతాయి. బిడ్డ ఏడో నెలలోనే పుడితే ఆ పని సగంలో ఆగుతుంది. ఊపిరితిత్తులు ముదరవు కాబట్టి ఆక్సిజన్ పెట్టాలి. పెట్టకపోతే బిడ్డ దక్కదు, ఎక్కువైతే కంటికి చేటు. ముందు నాళాలు పెరగడం మానేస్తాయి. కొన్ని వారాలకు రక్తం చాలక పొర రమ్మని పిలిస్తే, కలుపు మొక్కల్లా అడ్డదిడ్డంగా మొలుస్తాయి. వాటి లాగుడుకు కంటి పొర ఊడిపోతుంది.

ఊడకముందు కొద్ది వారాల వ్యవధి ఉంటుంది. కళ్ళ డాక్టరు ఆ వ్యవధిలో చూసి లేజరుతో అంచును కాలిస్తే చాలామందికి చూపు నిలుస్తుంది. అది దాటితే ఏ దేశం డాక్టరూ పెద్దగా చేయగలిగింది లేదు. అన్నిటికంటే మోసం ఏమిటంటే, ఆ వారాల్లో బయటికి ఏమీ కనపడదు. బిడ్డ పాలు తాగుతుంది, నిద్రపోతుంది, ఒళ్ళు చేస్తుంది. ఇల్లంతా సంతోషంగా ఉన్న రోజుల్లోనే చూపు పోతుంది.

ఆక్సిజన్ ఎంత తగ్గిస్తే నాళాలు వాటంతటవే మళ్ళీ దారిలో పడి పెరుగుతాయి అన్నది నా పరిశోధన. ముందు ఎలుక పిల్లల్లో, తర్వాత మా వార్డు పిల్లల్లో.

ఎలుకల ప్రొఫెసరు

ఎలుకల పని నాకు నేర్పిన ప్రొఫెసరు మనుషులతో పొడిపొడిగా మాట్లాడేవాడు, ఎలుకల్ని మాత్రం పేరుపేరునా పట్టించుకునేవాడు. రోజూ సాయంత్రం ప్రతి బోనులో పిల్లల్ని లెక్కపెట్టాలి. ఒకరోజు నా బోనులో ఒక పిల్ల తక్కువైంది.

"తల్లి తినేసి ఉంటుంది సార్," అన్నాను. ఎలుకలు అలా తింటాయి కూడా.

"తింటుంటే నువ్వు చూశావా?" అన్నాడు.

చూడలేదన్నాను. బోనులన్నీ దింపించాడు. గంటన్నర వెతికితే నీళ్ళ సీసాల స్టాండు వెనక దొరికింది, ప్రాణంతోనే ఉంది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, "కనపడనిదానికి నీకు వీలైన కథ అల్లుకోకు. వెళ్ళి వెతుకు," అన్నాడు.

ఇంతకంటే గొప్ప పాఠం నాకు ఇంకెవరూ చెప్పలేదు. దాన్ని ఎలుకల దగ్గర జీవితాంతం పాటించాను. మనుషుల పిల్లల దగ్గర పాటించలేదు. ఆ ప్రొఫెసరులో నాకు నచ్చని గుణం ఒకటుండేది, వార్డుకు వస్తే తల్లుల మొహం చూడకుండా కాగితాలే చూసేవాడు. నేను ఆయనలా కాదు, అందరితో తియ్యగా మాట్లాడతాను అని నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం సంగతి ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

పొదిలి టైలరు

నన్ను అందరికంటే ఎక్కువ విసిగించిన తండ్రి పొదిలి నుంచి వచ్చిన ఒక టైలరు. కొడుకు ఏడో నెలలో పుట్టాడు. ఇంటికి పంపేటప్పుడు మళ్ళీ కంటి పరీక్షకు ఏ రోజు రావాలో చెప్పాం. నర్సుని అడిగాడు. కళ్ళ డాక్టరుని అడిగాడు. నా దగ్గరికి నాలుగోసారి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది.

"చెప్పిందే ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు?" అన్నాను.

"కోపం చేసుకోవద్దు మేడం," అన్నాడు. "గుడ్డ కత్తిరించేటప్పుడు గూడా నేను నాలుగుసార్లు కొలుచుకుంటా. కత్తిరించినాంక మళ్ళ అతకదు గదా."

చెప్పిన రోజుకు, పసిబిడ్డను బయటికి తీయొద్దని తన తల్లి ఏడుస్తున్నా వినకుండా, బిడ్డను దూది పరిచిన బుట్టలో పెట్టుకుని వచ్చాడు. ఆ వారమే లేజరు పడింది. ఆ బిడ్డ ఇప్పుడు లావు అద్దాల కళ్ళజోడుతో మార్కాపురంలో డిగ్రీ చదువుతున్నాడు. నన్ను విసిగించినవాళ్ళ పిల్లలు బాగుపడ్డారు, నా మాట మీద గౌరవం ఉంచినవాళ్ళ పిల్లలు నష్టపోయారు. ఎదురు అడిగేవాళ్ళని చూసి చిరాకుపడే డాక్టర్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

మరియమ్మ అడిగిన మాట

టైలరు వెళ్ళిన మరుసటి ఏడు మా వార్డుకి మరియమ్మ వచ్చింది. యర్రగొండపాలెం అవతల, నల్లమల అంచున ఉన్న పల్లె వాళ్ళది. కూలిపని చేసుకునే కుటుంబం, చర్చికి పోయేవాళ్ళు. కోడలు రూతమ్మకు ఇరవై ఏళ్ళుంటాయేమో. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు కూడా అత్తే చూసుకుంది. ఏడో నెలలో మార్కాపురంలో కాన్పయితే, ఆడబిడ్డను మా దగ్గరికి పంపించారు. దీవెన అని పేరు పెట్టుకున్నారు.

వార్డులో మా వైపు మాట వినపడితే నాకు ప్రాణం లేచి వచ్చేది. "ఏ ఊరు పెద్దమ్మా మీది?" అని అడిగాను. చెప్పింది. నాది కురిచేడు దగ్గర అనగానే ఆమె మొహం విప్పారింది.

"అయితే మనోళ్ళే," అంది పక్కమంచం వాళ్ళకు వినపడేట్టు. ఆ రోజు నుంచి నేను ఆమెకు 'మా డాక్టరమ్మ'ను. ఏదైనా నా నోటితో చెబితేనే నమ్మేది. నాకూ అది బాగానే ఉండేది.

బిడ్డ బతికింది. మొదటి కంటి పరీక్షలో నాళాలు సగం దూరం కూడా పోలేదని తేలింది. రెండు వారాల్లో మళ్ళీ చూడాలి. ఇంటికి పంపే రోజు ఆ తేదీ వేసి చీటీ ఇచ్చాం. చీటీ ఇంగ్లీషులో ఉంది. మరియమ్మ దాన్ని మడిచి బొడ్లో దోపుకుని నన్ను అడిగింది.

"అమ్మా, ఏడో నెల బిడ్డ గదా. నెలలు నిండేదాకా గడప దాటించగూడదు మన కాడ. నిండినాంక తీసుకొస్తాం. ఏమంటావు?"

ఆ ఆచారం నాకు తెలుసు. ముందే పుట్టిన బిడ్డ తొమ్మిది నెలలూ నిండేదాకా చీకటి గదిలో, తల్లి రొమ్ము మీద, పాత చీరలో చుట్టుకుని ఉండాలి. బయటి గాలి తగలకూడదు, బయటివాళ్ళ చూపు పడకూడదు. అది మూఢత్వం అని నేను అనను. మా తమ్ముడిని మా అమ్మ అలాగే దక్కించుకుంది. తల్లి ఒంటి వెచ్చదనం గురించి మేం ఇప్పుడు తల్లులకు పాఠాలు చెబుతున్నాం, ఆ ముసలమ్మలు ఎప్పటి నుంచో చేస్తున్నారు. కానీ దీవెనకు ఆ నెలలు నిండటానికి ఇంకా ఆరు వారాలున్నాయి. కంటికి ఉన్న వ్యవధి అంత లేదు.

మా వైపు ఇంకో పద్ధతి ఉంది. పురుటి విషయాల్లో పెద్దమ్మ వరస ఆడమనిషికి చిన్నది ఎదురు చెప్పదు. మొహాన 'సరే' అంటుంది, తర్వాత ఇంకొకరి చేత మెల్లగా చెప్పించి పని జరుపుకుంటుంది. నేను ఎన్ని చదువులు చదివానో, ఎన్ని దేశాల్లో మాట్లాడానో, ఆ క్షణంలో ఒక్కటీ గుర్తులేదు. మా ఊరి వసారాలో నిలబడ్డ చిన్నపిల్లనైపోయాను.

"సరే పెద్దమ్మా, బిడ్డ జాగ్రత్త," అన్నాను.

తేదీ సంగతి నర్సు చెబుతుందిలే అనుకున్నాను. నర్సేమో, డాక్టరమ్మ వాళ్ళ మనిషే కదా, ఆమే చెప్పి ఉంటుందనుకుంది. రూతమ్మ బిడ్డను ఎత్తుకుని అత్త వెనక నిలబడి ఉంది. ఏదో అనబోయినట్టు నోరు తెరిచింది. నేను బిడ్డ పాదం నిమిరి పక్క మంచం దగ్గరికి పోయాను. బిడ్డ తల్లితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా మంచి నోరు ఆ రోజు ఒక పిల్ల కళ్ళు తీసింది.

పుస్తకంలో ఒక మాట

తేదీ వచ్చింది, వాళ్ళు రాలేదు. ఇంకో వారం గడువిచ్చాం. వాళ్ళిచ్చిన ఫోను నంబరు ఎవరో మేస్త్రీది, ఒకసారి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేయమని నేను ఎవరికీ చెప్పలేదు. పరిశోధన పుస్తకంలో దీవెన పేరు ఎదురుగా 'రాలేదు' అని నా చేత్తోనే రాశాను. రానివాళ్ళను లెక్కలోంచి తీసేయడం మా నియమం.

ఫలితాలు బాగా వచ్చాయి. వచ్చినవాళ్ళలోనే కదా చూసింది, బాగా రాక ఏమవుతాయి. ఒక సభలో వెనక వరసలోంచి ఒకామె లేచి, రాని పిల్లలు ఏ ఊళ్ళవాళ్ళు అని అడిగింది. దూరపు ఊళ్ళవాళ్ళు, రాకపోకలు కష్టం అని జవాబిచ్చాను. బోను దగ్గర 'తల్లి తినేసి ఉంటుంది' అన్నట్టే అన్నాను. ఈసారి బోనులు దింపించడానికి ప్రొఫెసరు లేడు.

తర్వాత ఆ పేర్లు తిరగేస్తే, రానివాళ్ళలో ఎక్కువమంది మావైపు వాళ్ళే. గిద్దలూరు, యర్రగొండపాలెం, వాటి చుట్టుపక్కల పల్లెలు. పేదరికం అనుకున్నాను, చదువు లేకపోవడం అనుకున్నాను. ఎంతమందికి నేను 'సరే పెద్దమ్మా' అన్నానో తలుచుకోనైనా లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి చప్పట్లు కొట్టించుకుంటున్నాను.

మార్కాపురం శిబిరం

ఆరేళ్ళ తర్వాత మార్కాపురంలో ఒక బడిలో పిల్లల వైద్య శిబిరం పెడితే వెళ్ళాను. వరసలో ఒక ముసలమ్మ చీర కొంగు పట్టుకుని ఒక పాప నిలబడి ఉంది. మాటలు వినపడ్డ వైపు చెవి తిప్పుతోంది, పిడికిళ్ళతో కళ్ళు నొక్కుకుంటోంది. చూపులేని పసిపిల్లలు అలా నొక్కుకుంటారు. దగ్గరికి వచ్చాక నల్లగుడ్డు వెనక తెల్లగా కనిపించింది. లైటు కూడా వేయనక్కర్లేదు.

"నువ్వు మా డాక్టరమ్మవు గదా," అంది ముసలమ్మ. మరియమ్మ.

ఏమైంది అని నేను అడగకముందే ఆమే చెప్పింది. "నువ్వు చెప్పినట్లే చేసినాం అమ్మా. నెలలు నిండేదాకా గడప దాటించలేదు. నిండిన మర్రోజే బస్సెక్కినాం. నువ్వు లేవు ఆ పొద్దు. ఇంకొకాయన చూసి, శానా ఆలస్యమైంది, కండ్లు పోయినాయి అన్నాడు."

వాళ్ళు వచ్చారు. చెప్పిన మాట ప్రకారం, చెప్పిన రోజుకే వచ్చారు. అప్పటికే నా పుస్తకంలో 'రాలేదు' అని ఉంది కాబట్టి ఆ సంగతి నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

"పెద్దమ్మా, నేనే..." అని మొదలుపెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వేం చేస్తావు తల్లీ. నువ్వు మంచిగనే చెప్పినావు. ఇదంతా దీని తల్లి చేసుకున్నది. కడుపుతో ఉండి కందికోతకు పోయింది, వద్దంటే వినలేదు. ఊళ్ళో అందురూ అదే అంటారు. నా కొడుకు గూడా దానితో సరిగ మాట్లాడడు." రూతమ్మ అప్పుడు గుంటూరు వైపు మిరప కోతకు పోయి ఉందట.

అప్పుడు చెప్పాల్సింది. వరసలో ఇంకా చాలామంది ఉన్నారు, అందరి ముందూ ఎందుకు అనుకున్నాను. చూపులేని పిల్లల బడికి ఒక చీటీ రాసిచ్చాను. మరియమ్మ నన్ను దీవించి పోయింది.

తిరిగి వెళ్ళాక మా వార్డులో పద్ధతులన్నీ మార్చాను. చీటీలు తెలుగులో. తేదీ తల్లికే చెప్పి, తల్లి నోటితోనే తిరిగి చెప్పించుకోవడం. గడువుకు ముందురోజు ఫోను. రానివాళ్ళ ఇంటికి మనిషిని పంపడం. రానివాళ్ళను కూడా కలుపుకుని పాత ఫలితాలు మళ్ళీ రాసి ప్రకటించాను, అవి అంత అందంగా లేవు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా తర్వాత పుట్టిన పిల్లలకు పనికొచ్చింది. దానికీ ఒక శాలువా కప్పారు.

కానీ ఆ ఇంటికి ఐదేళ్ళు పోలేదు. పని ఎక్కువైందని కాదు. భయపడ్డాను. కేసు పెడతారేమో, పేరు పోతుందేమో, ఉద్యోగం చివర్లో ఈ మచ్చ ఎందుకులే అనుకున్నాను. నా తప్పును ఒక ఆడమనిషి తన నెత్తిన మోస్తోందని తెలిసి కూడా ఊరుకున్నాను. మొదటిది పొరపాటు. ఇది పాపం. దీన్ని ఇంకో మాటతో పిలవడం నాకు ఇష్టం లేదు.

సాక్ష్యం

రిటైరైన రెండో నెలలో యర్రగొండపాలెం బస్సెక్కాను. మరియమ్మ ఇంటి ముందు చేటలో కందులు ఏరుకుంటోంది. పక్కన కూర్చుని చెప్పాను. తప్పు రూతమ్మది కాదని, కందికోతకూ కంటికీ సంబంధం లేదని, ఆ తేదీకి బిడ్డను తెచ్చి ఉంటే చాలామటుకు చూపు దక్కేదని, వద్దని గట్టిగా చెప్పాల్సిన నేను సరే అన్నానని.

ఆమె చేట పక్కన పెట్టింది.

"కందికోతకు పోయినందుకు గాదా?" అంది.

"కాదు పెద్దమ్మా."

"నిజంగనా?"

"నిజంగా."

"నాకు చెప్తే ఏం లాభం," అంది చివరికి. "ఊరంతా చెప్పింది నేనే గదా. నేను మళ్ళ చెప్తే కోడల్ని ఎనకేసుకొస్తాంది అంటారు. రేపు ఆదివారం. చర్చిలో నిలబడి నువ్వే చెప్పు."

వాళ్ళ చర్చిలో పాటలయ్యాక ఎవరికైనా చెప్పుకోవాల్సింది ఉంటే లేచి చెబుతారు. సాక్ష్యం అంటారు. మామూలుగా జ్వరం తగ్గిందనో, పిల్లాడు పరీక్ష పాసయ్యాడనో చెప్పి దేవుణ్ణి స్తుతిస్తారు. నేను ఆ మతం దాన్ని కాదు. మా ఊళ్ళో మా ఇంటి ఆడవాళ్ళు చర్చి ఉన్న పేటలో అడుగు పెట్టగా నేను చూడలేదు. పాస్టరు గారు నా మాటంతా విని, "వచ్చి చెప్పండమ్మా" అన్నారు.

రేకుల కప్పు, చాపలు, అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు. ఆడవాళ్ళ వైపు చివర గోడకు ఆనుకుని రూతమ్మ కూర్చుంది. దీవెన ఆమె భుజం మీద తల పెట్టుకుని ఉంది. పదకొండేళ్ళు వచ్చాయి. నేను ఏదీ దాచకుండా, మా ఊరి మాటలోనే చెప్పాను. "ఈ బిడ్డ కండ్లు పోయింది వాళ్ళమ్మ వల్ల కాదు. నా వల్ల. తెలిసి కూడా ఐదేండ్లు నోరు మూసుకున్నా," అని కూర్చున్నాను. రూతమ్మ భర్త తల వంచుకుని చాప పుల్ల పీకుతున్నాడు. దీవెన తల ఎత్తి, "నువ్వు గాదంటమ్మా," అంది. ఆ చిన్న గొంతు అందరికీ వినపడింది.

ప్రార్థన ముగిశాక బయట చెప్పుల దగ్గర నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండనుకున్నాను. రూతమ్మ వచ్చి వంగి కూతురి కాళ్ళకు చెప్పులు తొడిగింది. తొడుగుతూనే, నా మొహం చూడకుండా మాట్లాడింది. ఆమె గొంతు నేను వినడం అదే మొదటిసారి.

"ఆ తేదీకే పోదామన్నానమ్మా నేను. ఇంకో నర్సమ్మను అడిగి వేళ్ళ మీద దినాలు లెక్కబెట్టుకున్నా, పద్నాలుగు. ఆ పొద్దు బిడ్డను సుట్టుకొని గడప దాకా వచ్చినా గూడా. మా అత్త అడ్డం నిలబడింది. డాక్టరమ్మే సరే అనింది, ఆమెకంటే నీకు ఎక్కువ తెలుసునా అనింది."

లేచి నిలబడి దీవెన చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలుసునమ్మా. మీకంటే నాకు ఎక్కువ తెలుసునని ఎవురితో చెప్పేది?"